లాసెట్ రాయాలా, క్లాట్ రాయాలా, ఎలా చదవాలి: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

ప్రతి ఏడాదీ సంక్రాంతి దాటగానే నా ఫోన్‌కు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, లాసెట్‌కి ఏం చదవాలి?" "సార్, మా అమ్మాయి క్లాట్ అంటోంది, మన వల్ల అయ్యే పనేనా?" రెండూ లా కోర్సుల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్షలు. నేను ముప్పై దాటాక లాసెట్ రాసి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, ఇప్పుడు జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఏ పరీక్ష, ఎవరికి

లాసెట్, క్లాట్ రెండూ ఒకటేనా?

కావు. లాసెట్ రాష్ట్ర స్థాయి పరీక్ష. తెలంగాణకు టీజీ లాసెట్, ఆంధ్రప్రదేశ్‌కు ఏపీ లాసెట్ వేర్వేరుగా జరుగుతాయి. వీటితో ఆయా రాష్ట్రాల యూనివర్సిటీ లా కాలేజీల్లో, ప్రైవేటు లా కాలేజీల్లో సీట్లు వస్తాయి. మూడేళ్ల కోర్సుకూ ఐదేళ్ల కోర్సుకూ వేరువేరు పేపర్లుంటాయి. క్లాట్ దేశవ్యాప్త పరీక్ష. నేషనల్ లా యూనివర్సిటీల కన్సార్షియం దీన్ని నిర్వహిస్తుంది. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దగ్గరున్న నల్సార్, విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం రెండింటిలోనూ ఐదేళ్ల కోర్సుకు క్లాట్ ద్వారానే చేరాలి. ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ మాత్రం ఐలెట్ పేరుతో సొంత పరీక్ష పెడుతుంది.

చదివే తీరులోనూ తేడా ఉంది. లాసెట్ ఎక్కువగా మీకు ఏం తెలుసో అడుగుతుంది. క్లాట్ మీ ముందు పెట్టింది చదివి అర్థం చేసుకోగలరా లేదా అని చూస్తుంది.

నాది తెలుగు మీడియం. క్లాట్ రాయగలనా?

రాయగలరు, కానీ టైం పడుతుంది. క్లాట్ పేపర్ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటుంది. ప్రశ్నలన్నీ పేరాగ్రాఫ్‌ల మీద ఆధారపడి వస్తాయి. ఒక్కో పాసేజ్ దాదాపు 450 పదాల వరకు ఉంటుంది. రెండు గంటల్లో పది వేల పదాలు చదివి, 120 జవాబులు గుర్తించాలి. వ్యాకరణం రాకపోవడం కన్నా ఇంగ్లిష్ చదివే అలవాటు లేకపోవడమే మనవాళ్లకు అసలు ఇబ్బంది.

ఏడాది సమయం ఉంటే ధైర్యంగా మొదలుపెట్టండి. రోజుకు ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదవండి. మొదటి నెల పదాలకు అర్థాలు చూసుకుంటూ చదవండి. రెండో నెల నుంచి అర్థాలు చూడకుండా ఒకసారి పూర్తిగా చదివి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో రెండు వాక్యాల్లో రాసుకోండి. తెలుగులో చెప్పగలిగితే అర్థమైనట్టే. మూడు నెలలే ఉంటే మాత్రం నా సలహా సూటిగా ఉంటుంది: ఆ మూడు నెలలు లాసెట్‌కు పెట్టండి. టీజీ లాసెట్ ఇంగ్లిష్‌తో పాటు తెలుగు, ఉర్దూ భాషల్లోనూ ఉంటుంది. ఏపీ లాసెట్‌లో ఇంగ్లిష్, తెలుగు ఉంటాయి. లాసెట్‌తో చేరినవాళ్లు క్లాట్‌తో చేరినవాళ్ల కంటే చిన్నవాళ్లేం కాదు. కోర్టులో ఇద్దరూ నిలబడేది ఒకే బెంచి ముందు.

ఇంటర్ అవ్వగానే ఐదేళ్ల కోర్సా? డిగ్రీ చేసి మూడేళ్ల కోర్సా?

లా మీదే మనసు స్థిరంగా ఉంటే ఐదేళ్ల కోర్సు మంచిది, ఒక ఏడాది కలిసొస్తుంది. ఇంకా తేల్చుకోలేకపోతే డిగ్రీ చేయండి. పదిహేడేళ్ల వయసులో తేల్చుకోలేకపోవడం తప్పేమీ కాదు. బీకామ్ చేసి వచ్చినవాళ్లకు పన్నుల కేసులు, బీటెక్ చేసి వచ్చినవాళ్లకు పేటెంట్లు, సైబర్ నేరాల కేసులు తొందరగా పట్టుబడతాయి. వకీళ్లను నమోదు చేసుకునే బార్ కౌన్సిల్ దృష్టిలో రెండు డిగ్రీలకూ తేడా లేదు.

నాకు 38 ఏళ్లు. ఇప్పుడు రాయొచ్చా?

రాయొచ్చు. లాసెట్‌కూ క్లాట్‌కూ గరిష్ఠ వయోపరిమితి లేదు. మా క్లాసులో రిటైరైన తహసీల్దారు ఒకాయన ఉండేవారు. భూముల కేసులు వచ్చినప్పుడు లెక్చరర్ కూడా ఆయన వైపే చూసేవారు.

ఇంటర్ చదవకుండా ఓపెన్ డిగ్రీ చేశాను. ఎల్‌ఎల్‌బీకి పనికొస్తుందా?

జాగ్రత్తగా వినండి, ఇక్కడ చాలామంది నష్టపోతున్నారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం పది, ఇంటర్, డిగ్రీ వరుసలో చదివి ఉండాలి. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లకు ఎల్‌ఎల్‌బీ అర్హత ఉండదు. ఇంటర్ పాసై, ఆ తర్వాత డిగ్రీ దూరవిద్యలో చేసి ఉంటే ఇబ్బంది లేదు. ఎంట్రన్స్ రాయనిచ్చారు కదా అని నిశ్చింతగా ఉండకండి. సర్టిఫికెట్ల పరిశీలనలోనో, ఎల్‌ఎల్‌బీ అయ్యాక వకీలుగా పేరు నమోదు చేయించుకునే ఎన్‌రోల్‌మెంట్ దగ్గరో ఆపితే మూడేళ్లు పోతాయి.

ఉద్యోగం చేసుకుంటూ లా చదవొచ్చా? దూరవిద్యలో ఉందా?

వకీలుగా ఎన్‌రోల్ కావడానికి పనికొచ్చే ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో లేదు. ఎవరైనా ఉందంటే డబ్బు కట్టొద్దు. రెగ్యులర్ కోర్సులో ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, పొద్దున క్లాసులు జరిగే కాలేజీ దొరికినవాళ్లు నెట్టుకొస్తున్నారు. ప్రభుత్వోద్యోగులైతే శాఖ అనుమతి తీసుకోండి. "అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే కాలేజీని నమ్మి చేరకండి. న్యాయశాస్త్రం చదువును అబద్ధపు సంతకంతో మొదలుపెట్టడం నాకు ఏ రకంగానూ నచ్చదు.

మా నాన్న 'చెట్టు కింద ప్లీడరు అవుతావా' అంటున్నారు. ఏం చెప్పాలి?

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. మొదటి మూడు నాలుగేళ్లు సీనియర్ దగ్గర జూనియర్‌గా చేసేటప్పుడు సంపాదన చాలా తక్కువ. ఆ మాట దాచకుండా ఒప్పుకోండి. తర్వాత దారులు చూపించండి: జ్యుడీషియల్ సర్వీసు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులు, బ్యాంకుల్లో లా ఆఫీసర్లు, కంపెనీల లీగల్ విభాగాలు. ఇంట్లో లాయర్లు లేకపోతే పైకి రాలేమన్నది కూడా నిజం కాదు. భారత 48వ ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎన్.వి. రమణ అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలోని రైతు కుటుంబం నుంచి వచ్చారు.

## దరఖాస్తు

నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయి?

లాసెట్ నోటిఫికేషన్ సాధారణంగా ఏడాది మొదటి మూడు నాలుగు నెలల్లో వస్తుంది, పరీక్ష మే, జూన్ నెలల్లో ఉంటుంది. క్లాట్ డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం జరుగుతోంది. 2024లో డిసెంబరు 1న, 2025లో డిసెంబరు 7న పెట్టారు. దాని దరఖాస్తులు వేసవి దాటాక మొదలవుతాయి. ఇంటర్ రెండో ఏడాది పిల్లలు ఇక్కడే పొరబడతారు. ఇంటర్ పరీక్షలయ్యాక క్లాట్ చూసుకుందామనుకునేసరికి ఆ పరీక్ష అయిపోయి ఉంటుంది.

ఎంత శాతం మార్కులుండాలి? ఫైనల్ ఇయర్‌లో ఉన్నా రాయొచ్చా?

లాసెట్‌కు ఐదేళ్ల కోర్సుకైతే ఇంటర్‌లో, మూడేళ్ల కోర్సుకైతే డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. క్లాట్‌కు ఇంటర్‌లో జనరల్‌కు 45, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం అడుగుతారు. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు రాయొచ్చు, అడ్మిషన్ నాటికి పాసై ఉండాలి.

నేను చదివింది ఏపీలో, ఉంటున్నది హైదరాబాద్‌లో. ఎక్కడ లోకల్ అవుతాను?

ఇల్లు ఎక్కడుందన్న దానికంటే ఏ ఊళ్లో చదివారన్నదే ముఖ్యం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద మన రెండు రాష్ట్రాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు ఉంటాయి. మిగిలిన 15 శాతానికి ఎవరు అర్హులన్న నిబంధనలు రాష్ట్ర విభజన జరిగి పదేళ్లు నిండాక మారుతూ వస్తున్నాయి. అందుకే పాత సీనియర్ చెప్పింది నమ్మకుండా ఈ ఏటి నోటిఫికేషన్‌లో స్థానికత పేజీ చదవండి. స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. మూతబడిన స్కూల్ సర్టిఫికెట్ కోసం కౌన్సెలింగ్ వారంలో తిరగడం నరకం.

## చదువు

లాసెట్‌కి మూడు నెలలే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేపర్ ఎలా ఉంటుందో ముందు చూడండి. మొత్తం 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. పార్ట్ ఏలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30. పార్ట్ బీలో కరెంట్ అఫైర్స్ 30. పార్ట్ సీలో న్యాయ అభిరుచి 60. సగం మార్కులు పార్ట్ సీలోనే ఉన్నాయి. అయినా మనవాళ్లు అలవాటైన జీకే పుస్తకం పట్టుకుని నెలంతా దేశాలు, రాజధానులు చదువుతారు.

మొదటి ఆరు వారాలు రోజూ చదివే టైంలో సగానికి పైగా పార్ట్ సీకే ఇవ్వండి: రాజ్యాంగం, కాంట్రాక్టు, అపకృత్యాలు (టార్ట్స్, అంటే పరిహారం అడగదగిన తప్పులు), నేర న్యాయం మూలసూత్రాలు, న్యాయ పదాలు. ప్రతిఫలం, ప్రతిపాదన, వాది, ప్రతివాది, అభియోగం లాంటి మాటలకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ పక్కపక్కన రాసుకోండి. తెలుగులో పరీక్ష రాసేవాళ్లకు కూడా ఇది అవసరం. అనువాదం తికమకగా ఉన్నచోట పక్కనున్న ఇంగ్లిష్ వాక్యమే దారి చూపిస్తుంది. తర్వాతి ఆరు వారాలు పాత ప్రశ్నపత్రాలు, మాక్ టెస్టులు.

ఐపీసీ చదవాలా, బీఎన్‌ఎస్ చదవాలా?

బీఎన్‌ఎస్. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), నేర విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్యకు శిక్ష 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి, దొంగతనం 378 నుంచి 303కు మారాయి. ఎఫ్‌ఐఆర్ నమోదు సీఆర్‌పీసీ 154 నుంచి నాగరిక సురక్షా సంహిత 173కు, ఊళ్లో పోలీసులు పెట్టే 144 సెక్షన్ 163కు వెళ్లాయి.

అన్నయ్య పుస్తకమో అక్క పుస్తకమో తీసుకుని చదువుతుంటే ముందు అది అచ్చైన ఏడాది చూడండి. సూత్రాలు, నిర్వచనాలు చాలావరకు పాతవే కాబట్టి పుస్తకం పారేయక్కర్లేదు. ముఖ్యమైన ముప్పై నలభై సెక్షన్లకు మార్జిన్‌లో కొత్త నంబర్ రాసుకోండి. అలా చేత్తో రాసుకున్నవే పరీక్షలో గుర్తొస్తాయి.

రాజ్యాంగం మొత్తం బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. 12 నుంచి 35 వరకు ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 వరకు ఆదేశిక సూత్రాలు, 51-ఏ ప్రాథమిక విధులు గట్టిగా చదవండి. 32, 226 అధికరణాలు, ఐదు రిట్లు (సుప్రీంకోర్టు, హైకోర్టు ఇచ్చే ప్రత్యేక ఆదేశాలు), ఏ రిట్ ఎప్పుడు వేస్తారో ఉదాహరణతో తెలియాలి. పోలీసులు ఎత్తుకెళ్లిన మనిషి జాడ లేకపోతే హెబియస్ కార్పస్. అర్హత లేకుండా ప్రభుత్వ పదవిలో కూర్చున్నవాణ్ణి 'ఏ అధికారంతో?' అని అడగాలంటే కో వారంటో. అధికారి చేయాల్సిన పని చేయకపోతే మాండమస్.

సవరణల్లో 42, 44, 73, 74, 86, 101, 103, 106 తప్పకుండా చూడండి. ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుగా పోయింది 44వ సవరణతో, విద్యాహక్కు 21-ఏ వచ్చింది 86వ సవరణతో, మహిళా రిజర్వేషన్ 106వ సవరణతో. కేశవానంద భారతి కేసు 1973 ఏప్రిల్ 24న తేలింది. 13 మంది న్యాయమూర్తులు 7-6 తేడాతో, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్నారు. ఈ ఒక్క కేసు కథలా చదివితే అంతకుముందున్న గోలక్‌నాథ్ కేసు, ఆ తీర్పు ఇచ్చిన మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గారు, తర్వాత వచ్చిన 42వ సవరణ అన్నీ ఒకే దారంలో గుచ్చినట్టు గుర్తుంటాయి.

లాటిన్ మాటలు నోరు తిరగడం లేదు. వదిలేయనా?

వదలొద్దు, లాసెట్‌లో ఇవి తేలిక మార్కులు. ఒక్కోదానికి మీకు తెలిసిన సంగతి ఒకటి జతచేయండి. 'వోలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా' అంటే తెలిసి ఒప్పుకున్న ప్రమాదానికి పరిహారం అడగలేం: క్రికెట్ చూడ్డానికి స్టాండులో కూర్చున్నవాడికి సిక్సర్ తగిలితే ఇదే. 'రెస్ ఇప్సా లోక్విటర్' అంటే జరిగిందే సాక్ష్యం చెబుతోందని: ఆపరేషన్ చేసిన కడుపులో కత్తెర దొరికితే నిర్లక్ష్యాన్ని వేరే రుజువు చేయాలా? 'ఆడి ఆల్టరం పార్టెం' అంటే అవతలివాడి మాట కూడా వినాలని: ఏ పంచాయతీ పెద్దనైనా అడగండి. రోజుకు మూడు చొప్పున నెలకు తొంభై. అంతకంటే అక్కర్లేదు.

లీగల్ రీజనింగ్‌కి ముందే లా తెలిసి ఉండాలా?

క్లాట్‌లో అక్కర్లేదు. చాలామంది తెలిసి తప్పు పెడతారు, మనసు చెప్పింది విని ఇంకా ఎక్కువ తప్పు పెడతారు. ఒక ప్రశ్న దగ్గరగా చూద్దాం.

సూత్రం: ఒక ప్రతిపాదనను అంగీకరించాలంటే, ఆ ప్రతిపాదన ఉన్నట్టు అంగీకరించే వ్యక్తికి ముందే తెలిసి ఉండాలి.

సందర్భం: రామయ్య ఎద్దు తప్పిపోయింది. పట్టి తెచ్చినవారికి 5,000 రూపాయలు ఇస్తానని ఊళ్లో దండోరా వేయించాడు. ఆ సంగతి తెలియని శీను పొలం గట్టున ఎద్దును చూసి, గుర్తుపట్టి, తోలుకొచ్చి కట్టేసి వెళ్లాడు. మర్నాడు టీ కొట్టు దగ్గర దండోరా సంగతి విని డబ్బు అడిగాడు. రామయ్య ఇవ్వాలా?

అ. ఇవ్వాలి, ఎద్దును తెచ్చింది శీనే కదా.
ఆ. ఇవ్వాలి, దండోరా అంటే ఊరందరికీ ఇచ్చిన మాట.
ఇ. ఇవ్వక్కర్లేదు, ఎద్దును అప్పగించేటప్పటికి ప్రతిపాదన సంగతి శీనుకు తెలియదు.
ఈ. ఇవ్వక్కర్లేదు, దండోరా రాతపూర్వకం కాదు.

మన మనసు 'అ' వైపు లాగుతుంది. రామయ్య పెద్దమనిషైతే ఇస్తాడు, ఇవ్వాలి కూడా. కానీ ప్రశ్న అడిగింది ఆ సూత్రం ప్రకారం బాధ్యత ఉందా అని. 'ఈ' ఇంకా నైపుణ్యంగా పన్నిన వల: ఫలితం సరిగ్గానే చెప్పి, సూత్రంలో లేని కారణం అంటిస్తుంది. జవాబు 'ఇ'. నిజానికి ఇది 1913లో అలహాబాద్ హైకోర్టు తేల్చిన లాల్మన్ శుక్లా, గౌరీ దత్ కేసు పోలికలో అల్లింది. అక్కడ తప్పిపోయింది ఎద్దు కాదు, యజమాని మేనల్లుడు. వెతకడానికి వెళ్లిన నౌకరుకు 501 రూపాయల బహుమతి సంగతి అప్పటికి తెలియదు, కేసు ఓడిపోయాడు. కేసు పేరు తెలియకపోయినా జవాబు దొరుకుతుంది. ప్రతి ప్రశ్నకూ ఈ మూడు అడగండి: సూత్రంలో ఏ మాట కీలకం? ఆ మాటకు సరిపోయే వాస్తవం సందర్భంలో ఎక్కడుంది? నేను ఎంచుకున్న కారణం సూత్రంలో ఉందా, నా తలలో ఉందా? నెల రోజులు ఇలా సాధన చేస్తే మార్కులు కదులుతాయి.

కరెంట్ అఫైర్స్ ఎన్ని నెలలవి చదవాలి?

పరీక్షకు ముందు ఏడాదివి చూసుకోండి, చివరి ఆరేడు నెలలు కాస్త వివరంగా. నెలవారీ పీడీఎఫ్‌లు పోగేసుకోవడం చదువు కాదు. రోజూ ఒక తెలుగు పేపర్ చదివి ఐదు పాయింట్లు రాయండి. సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, కమిషన్లు, రాజ్యాంగ పదవుల్లో నియామకాలు లా పరీక్షకు ముఖ్యం. క్లాట్‌కైతే వార్త వెనకున్న నేపథ్యం కూడా కావాలి.

లెక్కలంటే భయం. పనైపోయినట్టేనా?

లేదు. క్లాట్‌లో లెక్కల వాటా దాదాపు 10 శాతం, పదో తరగతి స్థాయి. శాతాలు, నిష్పత్తులు, సగటు, లాభనష్టాలు, పట్టికలు చదవడం చాలు. లాసెట్ మెంటల్ ఎబిలిటీకి సిరీస్, కోడింగ్, రక్తసంబంధాలు, దిక్కులు చూసుకోండి.

కోచింగ్ లేకుండా అవుతుందా?

లాసెట్‌కు నూటికి నూరుపాళ్లు అవుతుంది. నేను చదివింది మా ఊరి శాఖా గ్రంథాలయంలో. క్లాట్‌కు కోచింగ్‌తో కొంత ఉపయోగముంది, ముఖ్యంగా క్రమం తప్పకుండా మాక్‌లు రాయించడంలో. కానీ లక్షలు అప్పుచేసి చేరాల్సినంత లేదు. కన్సార్షియం తన వెబ్‌సైట్‌లో పాత పేపర్లు ఉచితంగా పెడుతుంది. చట్టాల అసలు పాఠాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితం. ఇంట్లో వాళ్ల పుస్తెలు తాకట్టు పెట్టి ఎంట్రన్స్ కోచింగ్‌లో చేరకండి. ఆ డబ్బు తర్వాత జూనియర్‌గా ఉన్న రోజుల్లో మీకు ఎక్కువ అవసరం.

ఎన్ని మాక్ టెస్టులు రాయాలి?

సంఖ్య కంటే రాసిన తర్వాత ఏం చేశారన్నది ముఖ్యం. నా మొదటి మాక్‌లో 120కి 66 వచ్చాయి. ఆ రాత్రి 54 తప్పుల్నీ ఒక నోట్‌బుక్‌లో మూడు నిలువు గడులు గీసి పంచాను. అసలు తెలియనివి 24. రెండు ఆప్షన్ల మధ్య ఊగి తప్పు పెట్టినవి 13. మిగిలిన 17 నాకు తెలిసినవే, ప్రశ్న సరిగ్గా చదవలేదు. 'కానిది ఏది' అని అడిగితే 'ఏది' అని చదివాను. ఆ 17 కోసం కొత్తగా ఒక్క పేజీ చదవాల్సిన పని లేదు. తర్వాతి మాక్ నుంచి రఫ్ పేపర్ పైన 'కానిది' అని పెద్దక్షరాలతో రాసుకుని కూర్చునేవాణ్ణి. నాలుగో మాక్‌కు ఆ గడిలో నాలుగు మిగిలాయి.

పదిహేను మాక్‌లు ఇలా విప్పి చూసుకుంటే చాలు. విప్పకుండా రాసిన యాభై మాక్‌లు వేళ్లకు వ్యాయామం మాత్రమే.

## పరీక్ష దగ్గర పడ్డాక

టైం సరిపోవడం లేదు. ఏం చేయాలి?

లాసెట్‌లో ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. తెలిసిన జీకే ప్రశ్నకు 15 సెకన్లు చాలు, మిగిలింది మెంటల్ ఎబిలిటీకి దాచుకోండి. నేనైతే పార్ట్ సీతో మొదలుపెట్టమంటాను.

క్లాట్‌లో 120 నిమిషాలు, 120 ప్రశ్నలు. ఐదు ప్రశ్నలున్న పాసేజ్‌కు ఐదు నిమిషాలు వస్తాయి. నిమిషానికి 200 పదాలు చదివేవాళ్లకు 450 పదాలు చదవడానికే రెండుంపావు నిమిషాలు పోతాయి. మిగిలిన రెండుముప్పావులో ఐదు జవాబులు గుర్తించి, ఓఎంఆర్‌లో దిద్దాలి. అందుకే పాసేజ్‌ను రెండోసారి మొత్తం చదివే అలవాటు మానుకోవాలి. ఓఎంఆర్ దిద్దడం చివరికి వదిలేయకండి. పాసేజ్ పూర్తవగానే ఆ ఐదూ దిద్దేయండి.

తెలియని ప్రశ్నకి గుడ్డిగా పెట్టొచ్చా?

లాసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

క్లాట్‌లో తప్పుకు 0.25 పోతుంది. లెక్క వేసుకోండి. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా తప్పని తెలిసిన ప్రశ్నలు 12 ఉన్నాయనుకుందాం. మిగతా మూడింటిలో ఒకటి పెడితే సగటున 4 ఒప్పు, 8 తప్పు. నాలుగు వచ్చి రెండు పోతాయి, చేతిలో రెండు మార్కులు మిగులుతాయి. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఇంకా లాభం. ఏమీ తెలియకుండా పెడితే మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటారు, టైం పోతుంది.

పరీక్ష ముందు రోజు టెన్షన్‌తో నిద్ర పట్టదు.

కొత్తది ఏదీ తెరవకండి. మీ తప్పుల నోట్‌బుక్ ఒకసారి తిరగేయండి, సాయంత్రం సెంటర్ ఎక్కడుందో వెళ్లి చూసి రండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోండి. ఒక్క రాత్రి నిద్ర తగ్గితే పరీక్ష పోదు, 'నిద్ర పోలేదు, అయిపోయింది' అన్న దిగులుతో పోతుంది. పిల్లలు పరీక్ష రాస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట: ఆ రాత్రి పక్కింటివాళ్ల అబ్బాయి ర్యాంకు గురించి మాట్లాడకండి.

## ఫలితం తర్వాత

కీలో తప్పుందనిపిస్తే?

గడువులోగా ఆధారంతో అభ్యంతరం పెట్టండి. 2024 డిసెంబరులో జరిగిన క్లాట్ కీ మీద విద్యార్థులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే రెండు ప్రశ్నల్లో తప్పు తేలింది, విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గట్టి ఆధారముంటే వెనకాడొద్దు.

లాసెట్‌లో 42 మార్కులొచ్చాయి. సీటు వచ్చినట్టేనా?

అర్హత వచ్చింది, అంతే. 120కి 35 శాతం, అంటే 42 వస్తే ర్యాంకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు నిబంధన లేదు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర విశ్వవిద్యాలయాల కాలేజీలు మంచి ర్యాంకు ఉంటేనే అందుతాయి. మామూలు ర్యాంకుకు ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా సీటు దొరకొచ్చు.

వెబ్ ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలి?

మీకు నిజంగా ఇష్టమైన వరుసలోనే. 'మొదట తక్కువ కాలేజీ పెడితే సీటు ఖాయం' అన్న లెక్క తప్పు. పై నుంచి కిందికి చూస్తూ మీ ర్యాంకుకు మొదట దొరికింది ఇచ్చేస్తారు, కాబట్టి కావాలనుకున్న కాలేజీ కింద ఉంటే అక్కడి దాకా పోనే పోదు. ఆప్షన్ పెట్టేముందు కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు వర్తిస్తుందా, క్లాసులు నిజంగా జరుగుతాయా అని కనుక్కోండి. మూడోది తెలుసుకోవాలంటే ఒక మామూలు మంగళవారం పదకొండు గంటలకు కాలేజీకి వెళ్లి చూడటమే మార్గం.

లా అయ్యాక మళ్లీ పరీక్ష ఉంటుందట, నిజమేనా?

నిజమే. ముందు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవుతారు. అడ్వకేట్స్ చట్టంలో రాసి ఉన్న 750 రూపాయలకు మించి జనరల్ అభ్యర్థుల దగ్గర ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. స్టాంపు డ్యూటీ ఉంటే వేరు. తర్వాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ పాసవ్వాలి. 100 ప్రశ్నలుంటాయి, నెగెటివ్ లేదు, తెలుగులోనూ రాయొచ్చు. జడ్జి కావాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది.

సీటు వచ్చింది. క్లాసులు మొదలయ్యే లోపు ఏం చేయాలి?

మీ ఊరికి దగ్గర్లోని కోర్టుకు వెళ్లి కూర్చోండి. కోర్టు హాళ్లు అందరికీ తెరిచే ఉంటాయి. రహస్య విచారణ జరిగే కొన్ని కేసుల్లో మాత్రం బయటికి పంపుతారు. పదిన్నర లోపు వెళ్లండి, ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి వెనక బెంచీలో కూర్చోండి. బంట్రోతు పేర్లు పిలుస్తుంటే తలపాగా చుట్టిన రైతు ఒకాయన పరుగున వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు. వాయిదా పడిందని వకీలు చెబితే, 'మళ్లెప్పుడయ్యా?' అని అడిగి తారీఖు చొక్కా జేబులోని చీటీ మీద రాయించుకుంటాడు. ఆ చీటీ రాసిచ్చే మనిషి కావడానికే మీరు ఇప్పుడు చదవబోతున్నారు.